యంత్రమా, సరుకా?

మొన్న ఆర్ట్స్ కాలేజీలో పాఠం ముగించుకొని తార్నాకవైపు నడుస్తూవుంటే, నా విద్యార్థి వొకడు వెంటవచ్చి అడిగాడు: "సార్, అమెరికాలో పనులు పోవడానికి కారణం చైనా సరుకా, యంత్రమా?" అతనిది సిరిసిల్లలో నేతపనివారి కుటుంబం. తాత బొంబాయి మిల్లులో పనిచేశాడు.

అమెరికా ఫ్యాక్టరీలలో 1979లో సుమారు 1.95 కోట్లమంది పనిచేసేవారు. 2010 నాటికి 1.15 కోట్లమంది మిగిలారు. 1990-2007 మధ్య జరిగిన తగ్గుదలలో నాలుగోవంతుకు చైనా దిగుమతులు కారణమని ఆటర్, డోర్న్, హాన్సన్ 2013లో లెక్కకట్టారు. వెయ్యిమంది కార్మికులకు వొక రోబో అదనంగా చేరితే, జనాభాలో పనివున్నవారి వంతు నూటికి 0.2 తగ్గిందని ఆసెమోగ్లు, రెస్ట్రెపో 2020లో తేల్చారు. లెక్కలు అవసరమే. కాని యీ ప్రశ్నను మన రాట్నం ముందుపెట్టి చూడండి.

మన అద్దకపు గుడ్డల దిగుమతిని 1700లోను, వాటి వాడకాన్ని 1721లోను ఇంగ్లండు శాసనాలు కట్టడిచేశాయి. ఆ చాటున అక్కడి నూలు పరిశ్రమ పెరిగింది. 1779లో క్రాంప్టన్ వడుకు యంత్రం వచ్చింది. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం తొలగిన పిమ్మట మిల్లు నూలు, గుడ్డ మన రేవులకు వెల్లువగా వచ్చాయి. ముందుగా నశించింది మగ్గం కాదు, రాట్నం. నేతగాడు మిల్లు నూలు కొని యెలాగో నిలిచాడు. వడికే స్త్రీకి ఆ దారికూడా లేకపోయింది. ఆమె యింటికి యంత్రం రాలేదు, అది తీసిన నూలు వచ్చింది. ఆమెను దెబ్బతీసింది యంత్రమా, వ్యాపారమా? మన చరిత్ర గ్రంథాలలో నేతగాడికి దొరికిన చోటు ఆమెకు దొరకలేదు, అది మన తప్పే.

తీరా మన దేశంలోనూ మిల్లులు వెలిస్తే, 1896లో తెల్లదొరతనం వాటి గుడ్డమీద నూటికి మూడున్నర చొప్పున సుంకం వేసింది. అది 1926లోగాని రద్దుకాలేదు. యంత్రం అదే, కాని యజమాని నల్లవాడైతే న్యాయం మారింది.

నైజాం రైలు 1874లో వాడినుంచి సికిందరాబాదు చేరింది, 1889కి బెజవాడ అందుకున్నది. తార్నాక దాటితే లాలాగూడ దగ్గర ఆ పట్టాలే కనబడతాయి. పత్తిని మోసుకుపోయి గుడ్డను తెచ్చే దారి అది. ఓరుగల్లులో ఆజంజాహి మిల్లు 1934లోగాని రాలేదు. అంతకుముందూ, తరువాతా కూడా తెలంగాణ పద్మశాలీలు అనేకులు బొంబాయికి, షోలాపురానికి, భివండికి వలసపోయారు.

1982 జనవరిలో బొంబాయి మిల్లులలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకట్టారు. చాలా మిల్లులు వారిని మళ్ళీ చేర్చుకోలేదు. పని భివండి మరమగ్గాలకు తరలిపోయింది. అక్కడ గెలిచింది కొత్త యంత్రమూ కాదు, పరదేశి సరుకూ కాదు. కార్మిక చట్టం అడుగుపెట్టని రేకుల షెడ్డు!

అమెరికాలో దిగుమతులవల్ల పని పోయినవారికి సాయపడే పద్ధతి 1962 నుంచి వుండేది. ఆ చట్టం గడువు తీరి, 2022 జూలైలో కొత్త దరఖాస్తుల పరిశీలన ఆగిపోయింది. ఏమంటావు నాయనా, యిది యంత్రం చేసిన పనా అన్నాను.

తార్నాక చౌరస్తాలో చాయ్ తాగేటప్పటికిగాని అతడు నోరు విప్పలేదు.

"మా తాత పనిచేసిన మిల్లు మూసి, దాని మగ్గాలు భివండిలో అమ్మారు సార్. తాతా అక్కడికే పోయిండు. అదే మగ్గం. సగం కూలి."