రాజు దుముకు మానిన వైనము

నా చిన్ననాట మా వీథి అరుగుపై పెద్దలు చదరంగమాడునపుడు, రాజు ఒక్కమాఱు గుఱ్ఱమువలె దుమికెడివాడు. నేనును అట్లే నేర్చితిని. దేశాంతరములవారి పద్ధతిలో ఆ దుముకు లేదు. అరుగుపై నొక నియమము, పందెమున వేఱొక నియమమైనచో మనవాడు బయట నెగ్గుటెట్లు? ఆ అంతర్జాతీయ పద్ధతిని మనదేశమున వ్యాపింపజేసినవారిలో మాన్యుయల్ ఆరన్‌గారు ముఖ్యులు.

వారు 1935లో బర్మాదేశమున జన్మించి మదరాసున పేరొందిరి. జాతీయ చదరంగపు పోటీ మొదట జరిగినది మన ఏలూరుననే, 1955లో; వెంకయ్య, సాప్రే అను ఇరువురు అందు సమముగ ప్రథములైరి. ఆరన్‌గారు 1959 మొదలు 1981 లోపల ఆ బిరుదమును తొమ్మిదిమాఱులు గెలిచిరి. తమిళనాట రాష్ట్రబిరుదము పదునొకండుమాఱులు వారిదే. 1961లో అంతర్జాతీయ మాస్టరైన తొలి భారతీయులు వారు. మఱుసటియేట స్టాక్‌హోమున హంగేరీ వీరుడు పోర్టిష్‌నే ఓడించిరి.

గెలిచినవాడు సాధారణముగ తన ఆట తాను చూచుకొనును. వీరు రాష్ట్ర చదరంగ సంఘమునకు కార్యదర్శియై, పరుల ఆటకొఱకు పాటుపడిరి. ప్రారంభపుటెత్తులను గ్రంథములనుండి నేర్వుడని కుఱ్ఱవాండ్రకు బోధించిరి. నాకు బిరుదములకంటె ఇదియే గొప్పగ తోచును. 1972లో మదరాసునందలి సోవియట్ సాంస్కృతిక కేంద్రమున, తాల్ పేరిట ఒక క్లబ్బు నెలకొల్పిరి. అచ్చట ఆడి పెరిగిన బాలుడే, 1988లో మన తొలి గ్రాండ్‌మాస్టరైన విశ్వనాథన్ ఆనంద్.

మా మనుమడు కొత్తపద్ధతిలోనే ఆడును. వానితో కూర్చున్నపుడు నా వ్రేలు ఇంకను రాజును దుమికింపబోవును. వాడు నవ్వి నా చేయి పట్టుకొనును.