గజసేనాని చేతిలో గంటం

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట దివిసీమ. ఇసుక తిన్నెలు, మడ అడవులు, ఉప్పునీటి పాయలు. పన్నెండో శతాబ్దం ముగిసేనాటికి ఆ దీవిని ఏలుతున్నది అయ్య వంశపు నాయకులు. వాళ్ల పైదొరలు చందవోలు వెలనాటి ప్రభువులు. రేపల్లె, బాపట్ల, ఇప్పటి సూర్యలంక తీరం అంతా అప్పుడు వెలనాడే.

1199లో ఓరుగల్లు గద్దెనెక్కిన గణపతిదేవుడి చూపు ఈ తీరం మీద పడింది. రేవులు చేజిక్కితే ఓడల వర్తకం చేజిక్కినట్టే. కాకతీయ సేనలు తీరానికి దిగాయి. వెలనాటి పృథ్వీశ్వరుడు కూలాడు. దివి లొంగింది.

గెలిచిన రాజు ఎదుట దివి అయ్య వంశపు పినచోడి కొడుకు జాయప నిలబడ్డాడు. ఇంకా కుర్రవాడు. ఓడిన ఇంట మగబిడ్డ కనబడితే కత్తికి పని చెప్పే రోజులవి. గణపతిదేవుడు ఆ పని చేయలేదు. జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. అతడి తోబుట్టువులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. పగవాడి ఇల్లు అత్తవారిల్లయింది.

దివి పిల్లవాడు ఓరుగల్లు కొలువులో ఎదిగాడు. గుండామాత్యుడి దగ్గర నాట్యశాస్త్రం నేర్చుకున్నాడు. కాకతీయుల ఏనుగుల దళానికి అధిపతి, గజసాహిణి అయ్యాడు. తామ్రపురి అని పిలిచిన మన చేబ్రోలు అతడి ఏలుబడిలోకి వచ్చింది. అక్కడి 1213 నాటి శాసనంలో అతడి వంశం, పదవి చెక్కి ఉన్నాయి. సరిగ్గా అదే ఏడు మరో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి నిలబెట్టాడు. 1231లో జాయప సొంత గడ్డ దివిలో రాజు పేరిట గణపేశ్వరాలయం కట్టించాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానులో ఓడ దెబ్బతింటే సరుకంతా రాజు లాక్కునే పాత పద్ధతి పోయి, సుంకం మాత్రమే మిగిలింది. ఏ తీరం కోసం యుద్ధం జరిగిందో ఆ తీరం వర్తకులకు కుదుటపడింది.

ఇంత అధికారం చేతికొచ్చిన మనిషి కోటలు పెంచుకోవచ్చు, ప్రశస్తులు రాయించుకోవచ్చు. జాయప గంటం పట్టాడు. 1253-54లో సంస్కృతంలో ‘నృత్త రత్నావళి’ పూర్తి చేశాడు. ఎనిమిది అధ్యాయాలు. నాలుగింటిలో శాస్త్రం చెప్పిన మార్గ నృత్యం. మిగతా నాలుగింటిలో జనం ఆడే దేశి నృత్యం. పేరిణి, గొండలి, చిందు, బంతులతో ఆడే కందుకం, కర్రలతో ఆడే దండరాసకం... ఊరి ఆటలకు శాస్త్రంతో సమానంగా సగం పీట వేశాడు. అతడి గొప్పతనమంతా నాకు ఆ సగంలోనే కనిపిస్తుంది.

కాకతీయ రాజ్యం 1323లో కూలింది. ఏనుగుల దళం చెదిరింది. గ్రంథం తాళపత్రాల మీద బతికింది. ఇరవయ్యో శతాబ్దంలో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా సూర్యలంక బీచ్‌కు వచ్చే కార్లు చేబ్రోలు దాటే వస్తాయి. ఆ దారిలో ఒక గంట ఆగి, జాయప ఎవరో పిల్లలకు చెప్పండి. మన బడుల్లో వార్షికోత్సవానికి సినిమా పాటలతోపాటు ఒక పేరిణి, ఒక కోలాటం ఆడించండి. అతడికి మనం తీర్చాల్సిన బాకీ అదే.