గోడమీదికి వచ్చిన గుండె వైద్యం

అదుపు తప్పిన మనిషి గుండెను విద్యుత్తుతో దారికి తేవచ్చునని మొదట రుజువైనది ఈ అమెరికాలోనే, 1947లో, క్లీవ్‌లాండ్ నగరంలో. పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఛాతీ ఆపరేషన్ ముగుస్తుండగా గుండె కొట్టుకోవడం మాని ఊరికే అదరసాగింది. డాక్టర్ క్లాడ్ బెక్ ఛాతీ మళ్ళీ తెరిచి, అరగంటకు పైగా గుండెను చేత్తో నొక్కుతూ రక్తం ఆడించారు. అంతవరకు జంతువులమీదే వాడిన డీఫిబ్రిల్లేటర్ యంత్రం తెప్పించి, నేరుగా గుండెకే కరెంటు ఇచ్చారు. పిల్లవాడు బతికాడు.

ఛాతీ కోస్తే తప్ప పనిచేయని వైద్యం ఎందరికి అందుతుంది? 1956లో బాస్టన్‌లో డాక్టర్ పాల్ జోల్ ఛాతీ పైనుంచే ఆ పని చేసి చూపారు. అదీ ఆసుపత్రిలో ఉన్నవారికే. ఇంట్లోనో దారిలోనో కుప్పకూలేవారి మాటేమిటని ఆలోచించినవారు ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్. కారు బ్యాటరీలతో నడిచే యంత్రాన్ని 1965లో తయారుచేయించి అంబులెన్స్ ఎక్కించారు. బరువు సుమారు 70 కిలోలు! యంత్రమే రోగి దగ్గరకు వెళ్ళడం అలా మొదలైంది. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు అదే.

ఆ తరువాత యంత్రం చిక్కిపోయింది, తెలివి మీరింది. గుండె లయను తానే చూసుకుని, అవసరమైతేనే షాకు ఇస్తుంది. ఏం చేయాలో పైకే చెబుతుంది (ఇంగ్లీషులోనే అనుకోండి, ఇండియా నుంచి వచ్చిన మన పెద్దవాళ్ళకు దానిమీది బొమ్మలే దిక్కు). 1999లో షికాగో విమానాశ్రయాల్లో ఒకటి, ఒకటిన్నర నిమిషాల నడకలో అందేలా వీటిని అమర్చారు. రెండేళ్ళలో 11 మంది బతికి బయటపడ్డారు. వారిలో ఆరుగురిని కాపాడినవారికి ఈ యంత్రంతో ముందు పరిచయమే లేదు, కొందరు డాక్టర్లనుకోండి. ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్ళు తగ్గుతుందట మరి.

2000 మార్చిలో మన లాంగ్ ఐలండ్‌లో లక్రాస్ ఆడుతున్న ఒక బాలుడు ఛాతీకి బంతి తగిలి చనిపోయాడు. వాడికీ పద్నాలుగేళ్ళే. తల్లిదండ్రులు పట్టుబట్టి పోరాడారు. 2002లో న్యూయార్కు రాష్ట్రం ప్రభుత్వ పాఠశాలల్లో ఈ యంత్రాలను తప్పనిసరి చేసింది. ముట్టుకుంటే కోర్టుకీడుస్తారేమో అని జంకేవారికోసం ఒక మాట: సదుద్దేశంతో వాడినవారికి దావాల నుంచి చాలావరకు రక్షణ ఇస్తూ 2000లోనే ఫెడరల్ చట్టం వచ్చింది.

మన ఉగాది సభ జరిగే స్కూలు హాలు బయట, ట్రోఫీల అద్దాల బీరువా పక్కన ఆ పెట్టె ఉంది. ఈసారి కార్యక్రమ పత్రంలో భోజనాల గదికి దారితోబాటు దాని చోటు కూడా అచ్చువేయమని కార్యవర్గాన్ని కోరాను. చివరి పేజీలో వేశారు, చూడండి.