ఫిష్ ఫైండర్, జీపీఎస్.. ఏ పడవకు ఏది కావాలి? కొనేముందు ఇవి తెలుసుకోండి

సోమశిలలో పుట్టి వేసే బాబాయి కోసమో, జువ్వలదిన్నె నుంచి సముద్రంలోకి వెళ్లే అన్న కోసమో ఆన్‌లైన్‌లో ఫిష్ ఫైండర్ వెతుకుతున్నారా? స్క్రీన్ సైజు, ఆఫరు చూసి ఆర్డరు పెట్టేయకండి. ఫిష్ ఫైండర్ చేపను చూపిస్తుంది. జీపీఎస్ దారి చూపిస్తుంది. ఆపద వస్తే ఒడ్డుకు కబురు పంపడం మాత్రం మామూలుగా ఈ రెండింటి వల్లా కాదు. దానికి వేరే పరికరం ఉంది. సముద్రంలోకి వెళ్లే పడవలకు దాన్ని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది.

ఫిష్ ఫైండర్ ఎలా పనిచేస్తుంది?

పడవ అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్ నీటిలోకి శబ్ద తరంగాలను పంపుతుంది. అవి నేలకో, చేపకో తగిలి వెనక్కి వస్తాయి. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో వెళుతుంది. 0.04 సెకన్లలో తిరిగి వస్తే లోతు 30 మీటర్లన్నమాట. చేప ఒంట్లోని గాలితిత్తి ఈ తరంగాలను బాగా వెనక్కి కొడుతుంది. జపాన్‌కు చెందిన ఫురునో సంస్థ 1948లోనే ఈ పరికరాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది.

కొనేటప్పుడు ఫ్రీక్వెన్సీ చూడండి. 200 కిలోహెర్ట్జ్ తక్కువ లోతులో స్పష్టంగా చూపిస్తుంది. 50 కిలోహెర్ట్జ్ ఎక్కువ లోతుకు వెళుతుంది కానీ వివరం తగ్గుతుంది. ఇంకో సంగతి.. పరికరం చూపేది పడవ కింద ఉన్న కొంత మేరే. కోణం 20 డిగ్రీలైతే 10 మీటర్ల లోతులో కనిపించే వెడల్పు మూడున్నర మీటర్లే.

సోమశిల పడవకు ఏది?

ఆత్మకూరుకు దగ్గరలో పెన్నాపై కట్టిన సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. వెనుక జలాలు కడప జిల్లాలోకి విస్తరించాయి. అక్కడ ఊళ్లు, పొలాలు మునిగాయి. ఇలాంటి చోట వల చిక్కుకుంటే చిరిగినట్టే. కాబట్టి ఇక్కడ ఫిష్ ఫైండర్ అసలు ఉపయోగం బొచ్చె, శీలావతి ఎక్కడున్నాయో చూడటం కంటే, నీటి కింద మొద్దులు, రాళ్లు, గోడలు ఎక్కడున్నాయో చూసుకోవడం.

దీనికి ఖరీదైన సెట్టు అక్కర్లేదు. 200 కిలోహెర్ట్జ్ ఉన్న చిన్న పోర్టబుల్ పరికరం చాలు. సెట్టింగుల్లో ‘మంచినీరు’ ఎంచుకోవాలి. ఇంజిన్ లేని పుట్టికైతే బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ముందుగా అడగండి. విడిగా జీపీఎస్ కూడా అవసరం లేదు. ఫోన్‌లోని జీపీఎస్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మ్యాప్‌ను మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

సముద్రంలోకి వెళ్లే బోటుకు?

ఇక్కడ జీపీఎస్‌దే మొదటి స్థానం. వల వేసిన చోటు, రేవు, ప్రమాదకరమైన రాళ్లు.. అన్నింటినీ గుర్తుపెట్టుకోవచ్చు. సరిహద్దు హెచ్చరిక పెట్టుకునే వీలుందో లేదో చూడండి. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ‘తండేల్’ సినిమాకు ప్రేరణ ఆ ఘటనే. పని కోసం వేరే రాష్ట్రాల బోట్లెక్కేవారికి ఈ హెచ్చరిక ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చేప జాడ కోసం వెతికే డీజిల్ ఖర్చు తగ్గాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సూచనలు చూడండి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న చోట్లను రేవుల వారీగా దిశ, దూరం, లోతుతో చెబుతుంది. ఇది ఉచితం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ ఈ సూచనలు ఉండవు.

ఆపదలో కబురు ఎలా?

తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ అందదు. 2019లో వచ్చిన ‘జెమిని’ పరికరం తుపాను హెచ్చరికలను ఉపగ్రహం ద్వారా అందుకుంటుంది. కానీ దాని నుంచి మనం కబురు పంపలేం. ఆ లోటు తీర్చేది ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్. నెట్‌వర్క్ లేని చోటు నుంచీ చిన్న సందేశాలు అటూ ఇటూ వెళతాయి. దేశవ్యాప్తంగా లక్ష పడవలకు వీటిని అమర్చే రూ.364 కోట్ల పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది.

ఎవరిని అడగాలి?

సచివాలయంలోని మత్స్య సహాయకులను గానీ, జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని గానీ అడగండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారులకు యూనిట్ ఖర్చులో సాధారణంగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ ఉంటుంది. మీ పడవకు ఏది వర్తిస్తుందో డబ్బు కట్టకముందే తెలుసుకోండి. పడవ రిజిస్ట్రేషన్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం దగ్గర పెట్టుకోండి.

కొనేముందు చూడాల్సినవి

* ఐపీఎక్స్7 రేటింగ్ ఉందా? ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట పడినా పాడవదు.
* మధ్యాహ్నపు ఎండలో స్క్రీన్ కనిపిస్తోందా?
* పడవలోని 12 వోల్టుల బ్యాటరీకి సరిపోతుందా?
* మరమ్మతు దగ్గరలో జరుగుతుందా? ట్రాన్స్‌డ్యూసర్ విడిగా దొరుకుతుందా?

సముద్రంలోకి వెళ్లే పడవైతే ముందు ట్రాన్స్‌పాండర్, తర్వాత జీపీఎస్, డబ్బు మిగిలితేనే ఫిష్ ఫైండర్. ఇంట్లోవాళ్లు కూడా ఒక నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. వేటకెళ్లిన పడవ అనుకున్న వేళకు రాకపోతే కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ 1554కు వెంటనే చెప్పండి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.