జీపు ముందుచక్రాల వణుకు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణను ఆనుకొని తార్నాక ఉన్నది. ఈ ప్రాంతమునకు 1958లో కూనూరునుండి పోషకాహార పరిశోధనశాల తరలివచ్చినది. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడినది. ఈ సంస్థల పని నాలుగు గోడల మధ్య తీరునది కాదు. పల్లెవాసులు ఏమి తినుచున్నారో తెలిసికొనుటకు పల్లెకే పోవలెను. రాతిపొరల సాంద్రత తెలిసికొనుటకు గురుత్వమాపకమును వెంటబెట్టుకొని చేలగట్లవెంట తిరుగవలెను. 1975లో భూభౌతిక సంస్థ వెలువరించిన భారతదేశపు గురుత్వపటము అటువంటి తిరుగుళ్ల ఫలితమే. భూమ్యాకర్షణలో పదికోట్లలో ఒక వంతు తేడానుకూడ ఈ మాపకము పసిగట్టగలదు. కాని దారిలో గట్టి కుదుపు తగిలినచో దాని రీడింగు ఉన్నట్టుండి జరిగిపోవును. పరికరమును మోయు బండి ఎట్లు నడచుచున్నదన్నదికూడ శాస్త్రజ్ఞునికి పట్టింపే.

అటువంటి దారులకు చాలకాలము మన దేశమున జీపే దిక్కు. అయితే జీపునకు ఒక పాతవ్యాధి ఉన్నది. బండి 50 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా ఒక చక్రము గతుకులో పడును. వెంటనే ముందుచక్రాలు రెండును కుడియెడమలకు గజగజ కొట్టుకొనసాగును. స్టీరింగు చేతిలో నిలువదు. వేగము బాగుగా తగ్గించువరకు వణుకు ఆగదు. అలవాటులేని డ్రైవరు కంగారుపడి చక్రమును బిగబట్టి త్రిప్పబోవుట అన్నిటికంటె ప్రమాదకరము.

ఈ వణుకు జీపుతో పుట్టినది కాదు. 1920 తరువాత మోటారుకార్లకు రెండు మార్పులు వచ్చినవి. తక్కువ గాలిపీడనముతో నడచు లావైన మెత్తని టైర్లు 1923నుండి వాడుకలోనికి వచ్చినవి. ముందుచక్రాలకుకూడ బ్రేకులు అమర్చసాగిరి. ప్రయాణము సుఖమైనది, బండి త్వరగా ఆగినది, కాని ముందుచక్రాలు నాట్యము మొదలుపెట్టినవి. ఆ రోజులలో అమెరికాలో ప్రబలిన భుజములు కుదుపు నృత్యము పేరు 'షిమ్మీ'. మెకానికులు ఆ పేరునే ఈ వణుకునకు పెట్టిరి. శాస్త్రగ్రంథాలలోనికి నృత్యశాలనుండి వచ్చిన మాట ఇంకొకటి ఉన్నదో లేదో!

దీనికి మొదటి మంచి వివరణ 1925లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు జార్జి బ్రూయె ఇచ్చెను. రబ్బరు టైరు గట్టి చక్రమువలె నడువదని ఆయన చూపెను. ప్రక్కబలము తగిలినప్పుడు టైరు తాను చూచుచున్న దిక్కునకు కాక, కొంచెము ఓరగా దొర్లును. ఆ కోణము చిన్నదే. కాని బండి మలుపు తిరుగుటకును, ముందుచక్రాలు వణకుటకును ఆధారము అదే.

ఇక్కడ విద్యార్థులు చేతితో చేసి చూడదగిన పని ఒకటి ఉన్నది. సైకిలు ముందుచక్రమును ఊడదీసి, ఇరుసు రెండు కొనలను చేతులతో పట్టుకొని, మరియొకరిచేత ముందుకు వేగముగా త్రిప్పించవలెను. తిరుగుచున్న చక్రమును ఎడమకు వంచినచో అది వంగుటతో ఊరకుండక ఎడమకు మళ్లుటకు పెనుగులాడును. గైరోస్కోపు ధర్మము ఇదే. విల్లీసు జీపు ముందుభాగమున రెండు చక్రాలను కలుపుచు ఒకే గట్టి ఇరుసు ఉన్నది. కుడిచక్రము రాతిమీదికి ఎక్కినచో ఇరుసంతయు ఎడమకు వాలును. రెండు చక్రాలును ఎడమకు మళ్లజూచును. చక్రము దిగినప్పుడు ఇదంతయు తిరుగబడును. అంతేకాదు, చక్రాలు మళ్లుటవలన ఇరుసు మరల వాలును. వాలుట మళ్లించును, మళ్లుట వాల్చును. ఒకదానినొకటి ఎగసనద్రోయు ఇద్దరు తగవులమారుల సంగతి ఇది.

మన ఎద్దుబండికికూడ ఇరుసు గట్టిదే, గతుకులకు కొదవయు లేదు. మరి దానికి ఈ వ్యాధి ఏల లేదు? ఆ చక్రాలు ప్రక్కలకు మళ్లవు, వేగముగా తిరుగవు. మళ్లుట ఎద్దుల పని!

ఊగుటకు కావలసిన శక్తి ఎక్కడనుండి వచ్చునన్నది తరువాతి ప్రశ్న. ఊయలను ఎవరో ఒకరు ఊపవలెను. చక్రము సమతూకము తప్పియున్నచో ప్రతి చుట్టునకు ఒక్కొక్క తోపు తగులును. జీపు టైరు ఒక చుట్టులో సుమారు 2.2 మీటర్లు దొర్లును; 50 కిలోమీటర్ల వేగములో సెకండునకు ఆరుచుట్లకు పైగా తిరుగును. ఇరుసు, స్టీరింగుల సహజ ఊపు అంతే ఉన్నప్పుడు అనునాదము కలిగి వణుకు పెరుగును. ఈ రకము వణుకు ఒక వేగముదగ్గర వచ్చి, దానిని దాటగనే పోవును. రెండవ రకము మొండిది. ఆస్పత్రిలో రోగులను తీసికొనిపోవు తోపుడుబండి చిన్నచక్రము, త్వరగా తోసినప్పుడు పటపటమని కొట్టుకొనుట చాలమంది చూచియుందురు. దానిని ఎవరును ఊపుట లేదు. బండి ముందుకు పోవుటలోని శక్తినే అది కొద్దికొద్దిగా దొంగిలించి ఊగుచున్నది. టైరు ప్రక్కకు సాగి, దాని బలము ఒక అడుగు ఆలస్యముగా వచ్చును. చక్రమును సరిచేయవలసిన తోపు సమయము మించి తగిలి, అవతలి వైపునకు మరింత త్రోయును.

ఈ ఆలస్యమును లెక్కగట్టుటలో మోటారు ఇంజనీర్లకంటె విమాన ఇంజనీర్లకే తొందర ఎక్కువ కలిగినది. నేలమీద పరుగెత్తు విమానపు ముందుచక్రము వణకినచో దాని కాలే విరుగును. 1941లో జర్మనీలో ఫాన్ ష్లిప్పె, డీట్రిక్ అనువారు టైరును బిగించి లాగిన దారముగా ఊహించి లెక్కవేసిరి. సోవియట్ గణితవేత్త కెల్డిష్ 1945లో ప్రచురించిన సిద్ధాంతమునకు మరుసటి సంవత్సరము స్టాలిన్ బహుమతి లభించినది. 1966లో హాలండు దేశమున డెల్ఫ్ట్ నగరమున పసేయ్కా సమర్పించిన డాక్టరేటు గ్రంథము పూర్తిగా ఈ షిమ్మీని గురించినదే.

కార్ల కర్మాగారములవారు మాత్రము అంతవరకు ఆగలేదు. రోల్స్ రాయిస్ సంస్థనుండి 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థకు వెళ్లిన మారిస్ ఆలీ అను ఇంజనీరు, తగవులమారులను విడదీయుటే మందు అనుకొనెను. ఇరుసును తీసివేసి, ప్రతి ముందుచక్రమును పైన ఒకటి, క్రింద ఒకటి, రెండు చేతులతో విడిగా వ్రేలాడదీసినచో, చక్రము పైకి లేచినను అంతగా వాలదు. వాలనిచో గైరోస్కోపు పెనుగులాట ఉండదు. ఈ పద్ధతి 1934 నమూనాలతో జనరల్ మోటార్సు కార్లలోనికి వచ్చినది.

అయినను 1940లో అమెరికా సైన్యము జీపును కోరినప్పుడు మరల పాత ఇరుసే వచ్చి కూర్చున్నది. ఇందుకు కారణము అజ్ఞానము కాదు. నాలుగు చక్రాలకును ఇంజను శక్తి అందవలెను. ఏ పల్లెలోనైనను సుత్తి, స్పానరులతో బాగుపడవలెను. ఒక చక్రము లేచినప్పుడు ఇరుసు నడిమిభాగము నేలకు తగులరాదు. అన్నిటికి పట్టెల స్ప్రింగులమీద కూర్చున్న గట్టి ఇరుసే చవుకైన జవాబు. యుద్ధకాలములో విల్లీసు, ఫోర్డు సంస్థలు కలిసి ఆరులక్షల నలువదివేలకు పైగా జీపులను తయారుచేసినవి. మన దేశమున 1945లో మహీంద్రా సోదరులు, నిజాం ప్రభుత్వమున ఆర్థికమంత్రిగా పనిచేసిన గులాం మహమ్మద్ కలిసి స్థాపించిన సంస్థ, ఆ దశాబ్దము చివరనుండి బొంబాయిలో జీపులను కూర్చసాగినది.

యుద్ధకాలపు జీపులో స్టీరింగునుండి వచ్చిన కడ్డీ, ఇరుసు నడుమనున్న ఒక మోచేతి మీటను త్రిప్పును. ఆ మీటనుండి రెండు కడ్డీలు రెండు చక్రాలకు పోవును. ఆ మీట బేరింగు అరిగినను, కింగ్ పిన్ బేరింగులు వదులైనను, టై రాడ్ కొనలు ఆడుచున్నను వణుకునకు చోటు దొరకును. స్ప్రింగుల ఎత్తు పెంచి పెద్దటైర్లు తొడిగించుకొను సరదాకూడ ఇందుకు తోడగును: బరువైన చక్రమునకు గైరోస్కోపు బలము ఎక్కువ. ఇటువంటప్పుడు స్టీరింగునకు ఒక కొత్త డాంపరు బిగించి పంపివేయుట కొందరికి అలవాటు. డాంపరు ఊపును మింగునేగాని అరిగిన బేరింగును బాగుచేయదు; కొన్ని నెలలకు అది బలహీనపడగనే వణుకు తిరిగివచ్చును.

2010లో వచ్చిన థార్ బండికి ముందు ఇరుసు తీసివేసి విడి చక్రాల పద్ధతి పెట్టిరి. 2020లో వచ్చిన కొత్త థార్‌కును అదే పద్ధతి. 2023లో మన విపణికి వచ్చిన జిమ్నీ మాత్రము గట్టి ఇరుసునే ఉంచుకొన్నది. దాని స్టీరింగు కడ్డీకి కర్మాగారములోనే ఒక డాంపరు బిగించి పంపుచున్నారు.