ఒకే లెన్సుతో ఏళ్లు గడిపిన కౌదెల్కా

కెమెరా కొత్తగా కొన్నవాళ్లు నన్ను తరచుగా అడుగుతుంటారు: "ఒకే విషయం మీద కొన్నేళ్లపాటు ఫోటోలు తీద్దామనుకుంటున్నాను, ఒక్క లెన్సు సరిపోతుందా?" అని. దీనికి సలహా చెప్పేకంటే యోసెఫ్ కౌదెల్కా కథ చెప్పడం మేలనిపించింది.

ఆయన 1938లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని మొరావియాలో పుట్టారు. విమానాల ఇంజనీరు. 1960లలో రోమా ప్రజల వాడల్లో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. మనం జిప్సీలు అని వింటుంటామే, వాళ్లే. వాళ్ల భాష మూలాలు మన దేశంలోనివే. ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, 1967లో ఉద్యోగమే మానేశారు.

ఆ పనికి ఆయన వాడింది ఎగ్జాక్టా కెమెరా, 25 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్సు. ఎందుకంటే ఆ ఇళ్లు ఇరుకు, వెలుతురు తక్కువ. వెనక్కి జరుగుదామంటే గోడ. మామూలు 50 లెన్సు 46 డిగ్రీల మేర చూస్తే, ఇది దాదాపు 80 డిగ్రీలు చూస్తుంది. ముందున్న మనిషీ వెనకున్న గోడా రెండూ స్పష్టంగా వస్తాయి.

కాకపోతే ఒక చిక్కుంది. దీంతో మొహం పెద్దగా రావాలంటే మనిషికి బాగా దగ్గరగా నిలబడాలి. అంత దగ్గరకు రానివ్వాలంటే వాళ్లకు మన మీద నమ్మకం కుదరాలి. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా ఊరి సంతను రెండేళ్లు జూమ్ లెన్సుతో తీశాను. మొహాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక్కరి పేరూ నాకు తెలీదు!

సరే, 1968 ఆగస్టుకి వద్దాం. కౌదెల్కా రుమేనియాలో రోమాలను ఫోటోలు తీసి ప్రాగ్‌కి తిరిగొచ్చిన వెంటనే సోవియట్ కూటమి ట్యాంకులు దిగాయి. చేతికి అలవాటైన వైడ్ లెన్సుతోనే వీధుల్లోకి వెళ్లారు. ఒక ఫోటోలో ముందు చేతి గడియారం, వెనక ఖాళీగా ఉన్న వీధి, రెండూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. ఆ ఫోటోలు రహస్యంగా దేశం దాటి, 1969లో పేరు లేకుండా అచ్చయ్యాయి. కుటుంబానికి ముప్పని 1984 దాకా తనవేనని చెప్పుకోలేదు. 1970లో దేశం విడిచారు. రోమాల ఫోటోల పుస్తకం 1975లో వచ్చింది.

ఇక అసలు విషయం. ప్రవాసంలోకి వెళ్లాక ఆయన ఆ లెన్సును పక్కన పెట్టేశారు! తీసిందే మళ్లీ తీస్తున్నానేమో అనిపించి 35, 50 లెన్సులున్న లైకాకు మారారు. తర్వాత 1986 నుంచి పనోరమిక్ కెమెరా పట్టారు.

అంటే లెన్సు మీద ఆయనకేం వ్రతం లేదు. ఆ ఇరుకు గదులకు ఆ లెన్సు కావాల్సి వచ్చింది, పని అయ్యేదాకా దాన్ని వదల్లేదు. కాబట్టి ఏ లెన్సు అని అడిగేముందు, మనం తీయబోయే మనుషులకు ఎంత దూరంలో నిలబడగలమో తేల్చుకోవాలి.

నేనూ తేల్చుకున్నాను. వచ్చే సంతకి జూమ్ ఇంట్లో వదిలేసి, 35 ఒక్కటే పట్టుకెళ్తున్నా. ముందు పేర్లు అడుగుతా, తర్వాతే ఫోటో. ఉంటానండీ.