గొర్రెల మందకు కంచె: అమెరికాలో ప్రభుత్వ సాయం ఎవరికి, ఎలా?

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి శివార్లలో పదో ఇరవయ్యో ఎకరాలు కొని, నాలుగు గొర్రెలు పెంచుకుందామనుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. భూమి చేతికి వచ్చిన మర్నాడే ఎదురయ్యే ఖర్చు కంచె. ఇరవై ఎకరాల చదరపు పొలం చుట్టూ తిరిగితే దాదాపు 3,700 అడుగులు వస్తుంది. 330 అడుగుల జాలీ చుట్టలు పన్నెండు కావాలి. గుంజలు, గేట్లు, కూలీ అదనం. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "కంచెకు గవర్నమెంట్ డబ్బిస్తుందట కదా!"

ఇస్తుంది. కానీ అడిగిన ప్రతి కంచెకూ ఇవ్వదు. అన్నిటికంటే ముఖ్యంగా, కంచె వేసేసి ఆ తర్వాత వెళ్లి అడిగితే ఇవ్వదు. ఈ సంగతి తెలియక ఉత్సాహంగా ముందే గుంజలు పాతేసి, వచ్చే సాయాన్ని పోగొట్టుకునే వీలుంది. అందుకే ఈ వ్యాసంలో పథకం ఏమిటి, ఎవరికి వర్తిస్తుంది, ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత అన్నది వరుసగా చూద్దాం.

డబ్బిచ్చేది గొర్రెకు కాదు, నేలకు

మన ఊళ్లలో గొర్రెల పథకం అంటే గొర్రెలనే ఇవ్వడం. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పథకంలో 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా 75 శాతం సబ్సిడీ మీద గొల్ల కురుమలకు అందించారు. అమెరికాలో లెక్క వేరు. ఇక్కడి ముఖ్యమైన పథకం పేరు ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్. అందరూ పిలిచే పేరు 'ఈక్విప్'. 1996 ఫార్మ్ బిల్లుతో వచ్చింది. దీన్ని నడిపేది వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) కింద ఉండే నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్, అంటే ఎన్‌ఆర్‌సీఎస్. 1930లలో దుమ్ము తుపానులకు పొలాలు కొట్టుకుపోయిన రోజుల్లో, 1935లో నేల పరిరక్షణ కోసం ఏర్పడిన సంస్థ ఇది. దీని దృష్టి ఎప్పుడూ మట్టి, నీరు, పచ్చిక మీదే ఉంటుంది.

కాబట్టి "నా గొర్రెలు బయటికి పోతున్నాయి, కంచె కావాలి" అని అడిగితే అది మీ సమస్యే అవుతుంది, ఎన్‌ఆర్‌సీఎస్ సమస్య కాదు. "ఒకేచోట మేసి మేసి నేల బయటపడింది, వానకు మట్టి కొట్టుకుపోతోంది, వాగు గట్టు గొర్రెల కాళ్ల కింద విరిగి నీళ్లు బురదవుతున్నాయి" అంటే అది వారి పని. గొర్రె గడ్డిని నేల దగ్గరికంటా కొరుకుతుంది. పొలాన్ని నాలుగైదు మడులుగా విభజించి మందను ఒకదాని తర్వాత ఒకదానికి మారుస్తుంటే గడ్డి తిరిగి పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. గొర్రెకూ మేలే. కడుపులో రక్తం పీల్చే నట్టల పిల్లలు గడ్డి మొదట్లోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి, మొదలంటా మేయనివ్వకపోతే వాటి బెడద తగ్గుతుంది.

అందువల్ల చాలాచోట్ల పొలం చుట్టూ వేసే సరిహద్దు కంచె కంటే, లోపల మడులు విడదీసే కంచెకు, వాగు పక్కన అడ్డంగా వేసే కంచెకు ప్రాధాన్యం ఎక్కువ. సరిహద్దు కంచెకు ఇస్తారా ఇవ్వరా అన్నది రాష్ట్రాన్ని బట్టి, మేత ప్రణాళికను బట్టి ఉంటుంది. కంచెతో పాటు మడి మడికీ నీళ్ల తొట్టి, దానికి పైపులైను కూడా ఇదే పథకంలో అడగవచ్చు. నీళ్లు లేని మడిలో మంద నిలవదు కాబట్టి ఈ మూడింటినీ కలిపి ప్రణాళిక వేయించుకోవడం మంచిది. ఈక్విప్ నిధుల్లో కనీసం సగం పశుపోషణకు సంబంధించిన పనులకే కేటాయించాలని 2018 ఫార్మ్ బిల్లు చెప్పింది.

ఎంత వస్తుంది?

మీరు కట్టిన బిల్లును బట్టి ఇవ్వరు. అడుగుకు ఇంత అని రాష్ట్రంవారీగా ముందే ఖరారు చేసిన రేటు ఉంటుంది. జాలీ కంచెకు ఒక రేటు, కరెంటు తీగ కంచెకు ఒక రేటు. చట్టం ప్రకారం మామూలు రైతుకు అంచనా ఖర్చులో 75 శాతం దాటకూడదు. కొత్త రైతు, తక్కువ వనరులున్న రైతు, మాజీ సైనికుడైన రైతు వంటివారికి 90 శాతం వరకు పెరగవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. మీ కౌంటీలో కాంట్రాక్టర్ అడిగే ధర రేటు పట్టిక కంటే ఎక్కువైతే ఆ తేడా మీ జేబులోంచే.

'కొత్త రైతు' అన్న మాట మన కుటుంబాల్లో చాలామందికి వర్తిస్తుంది. ఇంతవరకు సేద్యం చేయనివారు, లేదా చేయడం మొదలై వరుసగా పదేళ్లు దాటనివారు ఆ కోవలోకి వస్తారు. అయితే పేరుకు యజమానిగా ఉంటే చాలదు, పొలం పనిలో, నిర్వహణలో నిజంగా చేయి ఉండాలి. నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి భూమి కొంటే, సభ్యులందరూ కొత్త రైతులైతేనే ఆ సంస్థకు ఈ హోదా దక్కుతుంది.

సొమ్ము మామూలుగా పని పూర్తయ్యాక వస్తుంది. పైన చెప్పిన వర్గాలవారు కోరితే కనీసం 50 శాతం ముందస్తుగా తీసుకోవచ్చు. అలా తీసుకున్నది 90 రోజుల్లోగా ఆ పనికే ఖర్చు పెట్టాలి. వచ్చిన సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది, ఏడాది చివర 1099-జి ఫారం పంపుతారు. మీ సీపీఏకు ముందే చెప్పి ఉంచండి.

ఎవరికి వర్తిస్తుంది?

భూమి సొంతమే కానక్కరలేదు. కౌలుకు తీసుకున్నా సరే, కాంట్రాక్టు కాలమంతా ఆ భూమి మీ అధీనంలో ఉంటుందని కాగితం చూపించాలి. టెక్సస్‌లో చాలామంది ఆస్తి పన్ను తగ్గేందుకు భూమిని పక్క రాంచ్ యజమానికి మేతకు ఇస్తుంటారు. అలాంటప్పుడు మందను నడిపేది ఆయన కాబట్టి దరఖాస్తుదారు ఆయనే అవుతాడు, మీ అంగీకారం రాతపూర్వకంగా ఇవ్వాలి.

గత మూడేళ్ల సగటు ఆదాయం (ఏజీఐ) 9,00,000 డాలర్లు దాటితే సాధారణంగా అర్హత ఉండదు. ఐటీ ఉద్యోగులకు ఇది అడ్డు కాకపోవచ్చు గానీ, రాంచ్ కొన్న డాక్టర్ కుటుంబాలు ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఇక వీసా సంగతి. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి దారి సుగమం. ఇద్దరూ కానివారికి చెల్లింపుల నిబంధనలు వేరు. హెచ్-1బీ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీలో పని చేయడానికే అనుమతిస్తుంది, ఈ పథకమేమో పొలాన్ని మీరే నడపాలంటుంది. కాబట్టి దరఖాస్తుకు ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు వ్యవసాయ భూమి కొంటే, 1978 నాటి చట్టం ప్రకారం 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంలో తెలియజేయాలి. పది ఎకరాలు మించకుండా, దాని పంట, పశువుల అమ్మకాలు ఏడాదికి 1,000 డాలర్లు దాటకుండా ఉంటే మినహాయింపు. చెప్పకుండా ఊరుకుంటే జరిమానా భూమి విలువలో 25 శాతం వరకు ఉండవచ్చు.

వరుస తప్పకూడదు

మొదట మీ కౌంటీకి చెందిన యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. అక్కడ ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ (ఎఫ్‌ఎస్‌ఏ) వారి దగ్గర పొలాన్ని నమోదు చేయించి ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. దస్తావేజు లేదా కౌలు పత్రం, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఎల్‌ఎల్‌సీ అయితే దాని కాగితాలు, బ్యాంకు వివరాలు తీసుకెళ్లండి. ఆదాయ ధ్రువీకరణకు, తేలిగ్గా కోసుకుపోయే నేలలూ చిత్తడి నేలలూ చెడగొట్టబోమనే హామీకి విడిగా ఫారాలుంటాయి.

రెండోది, ఎన్‌ఆర్‌సీఎస్ ఉద్యోగి మీ పొలానికి వచ్చి చూస్తారు. దీనికి ఫీజు లేదు. నేల, వాలు, నీరు, గడ్డి చూసి మీతో కలిసి ప్రణాళిక తయారు చేస్తారు. ఈ నడకలో మీరు కూడా వెంట ఉండండి. వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతాయో, గొర్రెలు ఎక్కడ గుమిగూడతాయో చూపించండి. ఫొటోలు తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడోది దరఖాస్తు. ఏడాది పొడవునా తీసుకుంటారు. అయితే ప్రతి రాష్ట్రం ఒక గడువు పెట్టి, అప్పటిదాకా వచ్చిన వాటన్నిటినీ మార్కులు వేసి వరుస పెడుతుంది. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి వేసవిలోనే ఆఫీసుకు వెళ్లడం తెలివైన పని. ఈసారి రాకపోతే దరఖాస్తును తర్వాతి విడతకు కొనసాగించమని అడగవచ్చు.

నాలుగోది కాంట్రాక్టు. మీరూ వారూ ఇద్దరూ సంతకం చేశాకే జాలీ కొనాలి, గుంజ పాతాలి. అంతకుముందే మొదలుపెట్టిన పనికి, ముందుగా రాతపూర్వక మినహాయింపు తీసుకుంటే తప్ప, డబ్బు రాదు.

ఐదోది, వారిచ్చిన కొలతల ప్రకారం కట్టడం. గుంజల మధ్య దూరం, మూల గుంజలకు ఊతం, తీగ మందం అన్నీ రాసి ఉంటాయి. కట్టాక వచ్చి చూసి సరే అంటేనే చెల్లింపు. ఆ కంచెను 20 ఏళ్ల మన్నికకు లెక్కగట్టి అడుగుతారు. కాంట్రాక్టు మధ్యలో భూమి అమ్మితే కొన్నవారు బాధ్యత తీసుకోవాలి, లేదంటే తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాల్సి రావచ్చు. గ్రీన్‌కార్డు వచ్చాక వేరే రాష్ట్రానికి పోదామనుకునేవారు ఈ మాట మరువకూడదు.

ఎలాంటి కంచె నయం?

ముళ్లతీగ గొర్రెకు పనికిరాదు. ఉన్ని చిక్కుకుంటుంది, చర్మం చీరుకుంటుంది, సందుల్లోంచి పిల్లలు దూరిపోతాయి, కయోటీలు దూరి వస్తాయి. నాలుగు అడుగుల ఎత్తు జాలీ కంచె నమ్మకమైనది. మేకలు కూడా ఉంటే గడి కొలత ముందే ఆలోచించండి. కొమ్ముల మేక తల ఆరంగుళాల గడిలో పెట్టి వెనక్కి తీసుకోలేక ఇరుక్కుపోతుంది. కరెంటు తీగ చౌక. ఒంటి నిండా ఉన్ని ఉన్న గొర్రెకు షాక్ సరిగా తగలదు గానీ, వెంట్రుకల జాతులకు బాగానే పనిచేస్తుంది. మన నెల్లూరు గొర్రెలాగే ఉన్ని కత్తిరించే పని లేని కటాడిన్, డార్పర్ జాతులు ఇక్కడి దక్షిణ రాష్ట్రాల్లో విరివిగా దొరుకుతాయి.

మందను పట్టే సామగ్రికి సాయం ఉందా?

నట్టల మందు తాపాలన్నా, టీకా వేయాలన్నా, గిట్టలు కత్తిరించాలన్నా గొర్రెను పట్టాలి. మైదానంలో వెంటపడితే మనిషి నడుమూ గొర్రె ప్రాణమూ రెండూ పోతాయి. అందుకు కావలసినవి ఒక దొడ్డి, గొర్రె వెనక్కి తిరగలేనంత ఇరుకైన దారి, దాని చివర వేరుచేసే గేటు, గిట్టల మందు నీళ్ల తొట్టి. దారి వెడల్పు 16 నుంచి 20 అంగుళాలు చాలు. పక్కలు మూసి ఉంటే గొర్రె బెదరదు, ముందున్న గొర్రెను చూసి వెనకది నడుస్తుంది.

ఈక్విప్ ఈ సామగ్రికి ఇవ్వదు. దీనికి దారులు రెండు. మొదటిది రాష్ట్ర పథకాలు. టెనెస్సీలో అగ్రికల్చరల్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రోగ్రామ్ పశువుల సామగ్రి ఖర్చులో కొంత వాటా తిరిగి ఇస్తుంది. దరఖాస్తు గడువు ఏడాదికోసారి, అదీ కొద్ది రోజులే. కెంటకీలో 1998 పొగాకు కంపెనీల ఒప్పందం సొమ్ముతో నడిచే కౌంటీ పథకంలో చిన్న జీవాలకు, కంచెకు కూడా చోటుంది, సాధారణంగా ఖర్చులో సగం వరకు ఇస్తారు. మీ రాష్ట్రంలో ఏముందో కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో అడగండి.

రెండోది ఎఫ్‌ఎస్‌ఏ మైక్రోలోన్. ఇది గ్రాంటు కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు. 50,000 డాలర్ల వరకు ఇస్తారు, గొర్రెలు, సామగ్రి, కంచె దేనికైనా వాడుకోవచ్చు. సామగ్రి అప్పుకు గడువు ఏడేళ్ల వరకు ఉంటుంది. 4-హెచ్, ఎఫ్‌ఎఫ్‌ఏ ప్రాజెక్టుగా గొర్రెపిల్లను పెంచే పిల్లలకు, 10 నుంచి 20 ఏళ్ల వయసువారికి, విడిగా యూత్ లోన్ కూడా ఉంది.

బ్రిటన్, ఐర్లండ్‌లో ఉంటే

ఇంగ్లండ్‌లో ఫార్మింగ్ ఎక్విప్‌మెంట్ అండ్ టెక్నాలజీ ఫండ్ 2021 నుంచి గొర్రెలను పట్టే సామగ్రికి వస్తువారీగా గ్రాంటు ఇస్తోంది. ఐర్లండ్‌లో 2023లో మొదలైన టామ్స్-3 కింద పొలం పెట్టుబడులకు సాధారణంగా 40 శాతం, అర్హులైన యువ రైతులకు, మహిళా రైతులకు 60 శాతం వస్తుంది. నియమం మాత్రం అక్కడా ఇదే: అనుమతి చేతికి రాకముందు కొన్నదానికి పైసా రాదు.

ఆఫీసుకు వెళ్లే ముందు

పొలం మ్యాపు ఒకటి ప్రింట్ తీసుకోండి. వాగు, బావి, గేటు, పాత కంచె, నేల బయటపడ్డ చోట్లు గుర్తులు పెట్టండి. ఎన్ని గొర్రెలు ఉన్నాయో, మూడేళ్లలో ఎన్ని చేయాలనుకుంటున్నారో రాసుకోండి. ఇరవై ఏళ్లు ఆ కంచెను కాపాడే ఓపిక ఇంట్లో ఎవరికుందో మాట్లాడుకోండి. ఇంకా ఏమీ కొనకుండా, ఆ మ్యాపు పట్టుకుని సర్వీస్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి.